పుస్తకాల పెట్టె పంపేముందు

అమెరికాలో ఉంటున్న మన హైదరాబాదీల్లో చాలామందికి ఒక మంచి కోరిక ఉంటుంది, చదువుకున్న బడికి పుస్తకాలు పంపాలని. ఇంట్లో పిల్లలు చదివేసినవి, గరాజ్ సేల్‌లో చవగ్గా దొరికినవి, లైబ్రరీలు తీసేసినవి పెట్టెల్లో సర్ది పంపిస్తారు. నేను డల్లాస్ దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూల్ లైబ్రరీలో పనిచేస్తాను. ఆ పుస్తకాల్ని ఎందుకు తీసేస్తారో రోజూ చూస్తాను కాబట్టి ఈ మాట చెప్పాలనిపించింది. కథల పుస్తకాలైతే పంపండి. సైన్సు, భూగోళం, చరిత్ర పుస్తకాలు మాత్రం ఆలోచించి పంపండి.

నేను హెచ్‌4 వీసా మీద, అంటే అక్కడ ఉద్యోగం చేసే భర్త మీద ఆధారపడినదానిగా వెళ్ళినదాన్ని. ఉద్యోగం చేసే వీలులేని రోజుల్లో మా బాబు బడిలో వాలంటీరుగా పుస్తకాలు సర్దేదాన్ని. 2015లో మాలో కొందరికి పనిచేసుకునే అనుమతి వచ్చాక అదే పని జీతానికి చేయడం మొదలైంది. నాన్‌ఫిక్షన్, అంటే కథలు కాకుండా నిజమైన విషయాలు చెప్పే పుస్తకాలు ఎంచడం అక్కడే నేర్చుకున్నాను.

అక్కడ పుస్తకం కొనేముందు చాలామంది చూసే అంకె లెక్సైల్. వాక్యాలు ఎంత పొడుగున్నాయి, పదాలు ఎంత తరచుగా వాడుకలో కనిపించేవి అన్నదాన్ని బట్టి కంప్యూటర్ వేసే కొలత అది. ఇంకో పద్ధతిలో పుస్తకాలకి ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలిస్తారు. కొనేవాళ్ళకి ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ నాన్‌ఫిక్షన్ దగ్గర వీటిని గుడ్డిగా నమ్మకూడదు. డైనోసార్ల పుస్తకంలో పేజీ పేజీకీ టైరనోసారస్, ట్రైసెరటాప్స్ వస్తుంటే అంకె పైకి పోతుంది. ఆ పిచ్చి పట్టిన రెండో తరగతి పిల్లాడికేమో ఆ పేర్లు మేనమామల పేర్లంత తేలిక. కాంతి గురించో, గురుత్వాకర్షణ గురించో నాలుగు పొట్టి వాక్యాలు రాస్తే అంకె తక్కువే వస్తుంది, విషయం మాత్రం అంతుపట్టదు. అందుకే పిల్లల్ని ఒక పేజీ చదవమంటాం, తెలియని పదం వచ్చినప్పుడల్లా ఒక వేలు తెరవమంటాం. అయిదు వేళ్ళూ తెరుచుకుంటే ఆ పుస్తకం ఇప్పుడు కష్టమని వాళ్ళకే అర్థమవుతుంది.

పుస్తకం వీపు మీద ఆ లెవెల్ స్టిక్కర్ అంటించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అమెరికా స్కూల్ లైబ్రేరియన్ల సంఘం కూడా 2011లోనే ఇది వద్దని చెప్పింది. ఎవరి లెవెల్ ఎంతో క్లాసంతటికీ తెలిసిపోతే, తక్కువ లెవెల్ పిల్లలు లైబ్రరీకి రావడమే మానేస్తారు. అయిదో తరగతిలో ఉండి రెండో తరగతి స్థాయిలో చదివే పిల్లాడికి చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఇస్తే ముట్టుకోడు. అగ్నిపర్వతాలో, పాములో, అంతరిక్షమో ఉండాలి. ఫొటోలు వాడి వయసుకి తగినవై ఉండాలి, వాక్యాలు మాత్రం తేలికగా ఉండాలి. చదవడం కష్టమైన పిల్లలు కథలకన్నా ఇలాంటివాటికి ముందు చెయ్యి చాపడం చాలాసార్లు చూశాను. మొదటి నుంచి చివరి దాకా చదవక్కర్లేదు కదా, ఫొటో కింద ఉన్న రెండు లైన్లు చదివినా కొత్త సంగతి ఒకటి చేతికొస్తుంది.

మాకు బడి సెలవులు జూన్, జూలైల్లో. అప్పటికి హైదరాబాద్‌లో బళ్ళు తెరిచి ఉంటాయి. మా అక్క మల్కాజిగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. "చెల్లె, మా లైబ్రరీ రూముల అమెరికా పుస్తకాలు మస్తుగున్నయి. పిల్లలు బొమ్మలు చూసి మళ్ల పెట్టేస్తున్నరు. జర వచ్చి చూడు" అంది.

వెళ్ళి చూస్తే అన్నీ మంచి కాగితం, మంచి రంగులు. కానీ వాతావరణం పుస్తకంలో నీళ్ళు 32 డిగ్రీల ఫారన్‌హీట్‌కి గడ్డకడతాయి, పిల్లల పాఠంలో సున్నా సెంటీగ్రేడుకి. ఏనుగు బరువు పౌన్లలో, దూరాలు మైళ్ళలో. డబ్బుల లెక్క నేర్పే పుస్తకంలో డైమ్, నికెల్ అనే అమెరికా నాణేలు. రుతువులంటే ఆకులు రాలడం, మంచు కురవడం. ఇంకొకదాంట్లో ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహమే, 2006కి ముందు అచ్చయింది. చంద్రుడి మీద మెల్లగా దిగిన దేశాల జాబితాలో మనం లేం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం టీవీలో చూసిన పిల్లల చేతికి అది ఇవ్వలేం. లెవెల్ అంకె చూస్తే ఇవన్నీ మూడో తరగతికి సరిపోయేవే. కానీ చదివే పిల్లలకి ముందే ఏం తెలుసన్నది ఆ అంకెలో ఉండదు. మంచు ఎత్తే బండి ఎన్నడూ చూడని పాపకి ఆ పేజీలో పదాలన్నీ వచ్చినా బండి ఏం చేస్తుందో ఊహకందదు.

అక్కా, నేనూ కూర్చుని ముందు పాతబడ్డవి పక్కకు తీశాం. తర్వాత ఒక్కో విషయానికి మూడు మెట్ల పుస్తకాలు ఒకేచోట ఉండేలా సర్దాం. నీళ్ళ గురించైతే తెలుగులో పేజీకి రెండు వాక్యాల బొమ్మల పుస్తకం, దాని పక్కన మధ్యస్థంగా ఉండే ఇంగ్లీషుది, ఆ పక్కన పెద్దపిల్లలది. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకుంటారు. మెట్టు సంఖ్య అక్క రిజిస్టరులో మాత్రమే ఉంటుంది.

తెలుగు పుస్తకాలకి వాక్యంలో పదాలు లెక్కపెడితే కుదరదు. 'వెళ్ళలేకపోయినవాళ్ళకి' అన్నది ఒకే పదం మరి. ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఎన్ని ఉన్నాయి, పేజీకి ఎన్ని లైన్లు, అక్షరం ఎంత పెద్దది, ఫొటో ఆ వాక్యాన్ని వివరిస్తోందా లేదా అని చూసుకున్నాం. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో నాలుగు లెవెల్స్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. హిందీ, ఉర్దూ కూడా ఉన్నాయి, అక్క క్లాసులో ఆ పిల్లలూ ఉన్నారు. 'మంచి పుస్తకం', 'హైదరాబాద్ బుక్ ట్రస్ట్' అనే ప్రచురణ సంస్థల పుస్తకాలు కొన్నాం. ఒక పెట్టె సముద్రం దాటించడానికయ్యే ఖర్చు బడికే పంపితే ఇలాంటివి ఎన్నో కొనుక్కోవచ్చు.

పెద్ద లోటు కనిపించింది మాత్రం మన ఊరి సంగతుల దగ్గర. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పుడున్న చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. అక్క ఇది చెబితే నాలుగో తరగతి కదలకుండా వింది. వాళ్ళంతట వాళ్ళు చదువుకునేంత తేలికైన పుస్తకం ఆ షెల్ఫులో లేదు. అంతటా ఉన్న బండరాళ్ళ గురించీ లేదు, వాటి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ప్రవాసుల్లో జియాలజీ తెలిసినవాళ్ళున్నారు, ఇంజనీర్లున్నారు, తెలుగు బాగా రాసేవాళ్ళున్నారు. పేజీకి అయిదారు వాక్యాలు, కిలోమీటర్లు, సెంటీగ్రేడు, కింద ఒక ఫొటో, చివర కష్టమైన మాటలకి అర్థాలు. అలా ఒక పుస్తకం రాసి స్టోరీవీవర్‌లో పెడితే మల్కాజిగిరిలోనే కాదు, ఏ బడిలోనైనా ప్రింట్ తీసుకుంటారు.