మానిటర్‌కు తెలిసింది నీకు తెలియదు తమ్మీ

పోయిన నెల నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే మా చిన్నమ్మ కొడుకు బండి ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళ పోరగాడు, ఆరు నెలల నుంచి జిమ్‌కు పోతున్నాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అన్నా, మీ థియేటర్‌ల బీపీ పెంచే సూదిమందు ఉంటది కదా, ఒక్క సీసా దొరుకుతదా?" అన్నాడు.

నేను ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ పక్కన పనిచేసే టెక్నీషియన్‌ని. పదకొండేళ్ళయింది. మా చుట్టాలు పెళ్ళికి పిలవడం మర్చిపోతారు గానీ మందులు కావాల్సి వస్తే మాత్రం నన్ను మర్చిపోరు. నొప్పుల గోలీలు అడిగినవాళ్ళున్నారు, దగ్గు మందు అడిగినవాళ్ళున్నారు, ఇది అడిగినవాడు మాత్రం వీడే మొదలు.

వాడడిగింది మెఫెంటెర్మిన్. సిజేరియన్‌కు నడుముకు మత్తు సూది ఇచ్చాక రక్తనాళాలు వదులై తల్లి బీపీ దబ్బున పడిపోతుంది, 120 ఉన్నది 80కి వస్తుంది, "కడుపులో తిప్పుతున్నది సార్" అంటుందామె. అప్పుడు ఈ మందు పలచన చేసి 3 మిల్లీగ్రాములో 6 మిల్లీగ్రాములో నరానికి ఇచ్చి, మానిటర్ మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడతాం. సీసాలో ఒక్క మిల్లీలీటర్‌కే 30 మిల్లీగ్రాములు ఉంటుంది. అలాంటి దాన్ని జిమ్‌లో పిల్లలు బరువులెత్తే ముందు పొడుచుకుంటున్నారు, మానిటర్ లేదు, డాక్టర్ లేడు, పక్కనున్నవాడి చేతిలో ఫోన్ ఉంటుంది వీడియో తీయడానికి.

"చెయ్యి ఇటియ్యి" అని నాడి పట్టుకున్నాను. కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్న మనిషికి నిమిషానికి 124.

"వేసుకున్నవా?"

"పొద్దుగాల ఒకటి. దోస్తు ఇచ్చిండు."

"ఎట్లున్నది మరి?"

"మస్తుగున్నదన్నా, అలుపే లేదు."

తిరకాసంతా అక్కడే ఉంది. అలుపు పోలేదు, అలుపు తెలియడం పోయింది. మన నరాల కొసల్లో నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనం చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటుంది. రాత్రిపూట గల్లీలో కుక్క వెంటపడితే ఆ సంచులు విప్పుకుంటాయి, గుండె దడదడలాడుతుంది, కంటిపాప పెద్దదవుతుంది, ఆకలి, నిద్ర, కాలికి తగిలిన దెబ్బ ఏవీ గుర్తుండవు. ఈ మందు కుక్క లేకుండానే ఆ సంచులను విప్పిస్తుంది, అంతే. కొత్తగా బలమేమీ పోయదు. అందుకే ఒకటి తర్వాత ఒకటి ఇస్తూ పోతే పని తగ్గిపోతుంది, ఇది మేం థియేటర్‌లో కళ్ళారా చూసేదే, మొదటి డోసుకు లేచినంత బీపీ మూడో డోసుకు లేవదు, ఎందుకంటే సంచుల్లో సరుకు తగ్గిపోతుంది. ఆ సంగతి మాకు తెలుసు కాబట్టి డాక్టర్ మందు మారుస్తారు. జిమ్ పిల్లలేమో సీసా నకిలీదేమో అనుకుని ఇంకాస్త ఎక్కువ ఎక్కిస్తారు.

యాంఫెటమిన్, ఇప్పుడు ఐస్ అనీ క్రిస్టల్ అనీ అంటున్న మెథాంఫెటమిన్, ఇవన్నీ దీని బంధువులే, కాకపోతే తలలోకి ఇంకా బాగా దూరుతాయి. అక్కడ డోపమైన్ అనే ఇంకో రసాయనాన్ని కూడా బయటికి తోసేస్తాయి, ఆ హుషారంతా దాని వల్లే. కొకైన్ దారి వేరు, అది బయటికి వచ్చిన రసాయనాన్ని నరం మళ్ళీ లోపలికి తీసుకోకుండా అడ్డం పడుతుంది. కొకైన్ ఊపు గంటలోపే దిగిపోతుంది, మెథ్ మాత్రం సగం దిగడానికే పది పన్నెండు గంటలు పడుతుంది, ఈ లోపల ఇంకోటి వేసుకుంటే రెండు మూడు రోజులు కన్ను మూయని వాళ్ళుంటారు. ఇవి గుండెకు రక్తం ఇచ్చే నాళాలను పిసికేస్తాయి. అవతల గుండె రెట్టింపు పని చేస్తుంటుంది, ఇవతల దానికి అందే రక్తం తగ్గుతుంది. పాతికేళ్ళవాడికి గుండెపోటు ఎట్లా వస్తుందని అడిగేవాళ్ళకు ఒక జవాబు ఇది.

వేడి సంగతి మాత్రం మన దిక్కువాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే చర్మం కింది రక్తనాళాలు తెరుచుకోవాలి. ఈ మందులు వాటిని మూసేస్తాయి, పైగా కండరాలను ఆగకుండా పనిచేయించి లోపల ఇంకా వేడి పుట్టిస్తాయి. నల్లగొండలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు ఉంటుంది, పైన రేకుల షెడ్డు, కింద జిమ్. ఆ వేడికీ ఆ శ్రమకూ కండరం లోపల్లోపలే చితికి, దాని ముక్కలు రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డం పడతాయి. మూత్రం నల్ల చాయ్ రంగులో వస్తే ఇక ఇంట్లో నిమ్మకాయ నీళ్ళు తాగుతూ కూర్చోకూడదు, ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

మెథ్ ఎక్కువ రోజులు వాడితే నోరెండిపోయి, పళ్ళు కొరికి కొరికి అరిగి పుచ్చిపోతాయి, బయటి ఊళ్ళలో డాక్టర్లు నోరు చూసి అనుమానపడతారట. మన దగ్గర ఆ లెక్క నడవదు. మర్రిగూడ దిక్కు నుంచి వచ్చే పేషెంట్లకు ఏ పాపం తెలియకుండానే ఫ్లోరైడ్ నీళ్ళు పళ్ళు పాడుచేశాయి. చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అనిపించి గోళ్ళతో గీక్కుని పుండ్లు చేసుకోవడం, ఎవరో వెంటపడుతున్నారని తలుపులు వేసుకోవడం, ఇవి చూస్తే అర్థమవుతుంది.

నీతులు చెబుతున్నాను గానీ నైట్ డ్యూటీలో నేను ఐదు చాయ్‌లు తాగుతాను. కెఫీన్ చేసేదీ ఆ కోవలోదే, మెదడులో నిద్ర వస్తున్నదని చెప్పే అడినోసిన్ కూర్చోవాల్సిన కుర్చీలో అది ముందే కూర్చుంటుంది. సుమారు ఐదు గంటలకు సగం దిగుతుంది. కానీ ఐదు చాయ్‌లతో ఎవడూ ఐసీయూకు రాడు, రెండింటినీ ఒక గాటన కట్టే వాదన మా తమ్ముడు చేశాడు, నేను ఒప్పుకోలేదు.

"మరి గంజాయేమో చెట్టే కదన్నా, అది చల్లగుంటది" అన్నాడు వాడే. గన్నేరు కూడా చెట్టే అన్నాను.

గంజాయి తాగినవాడు నెమ్మదిగా మాట్లాడతాడు, కళ్ళు వాలుతాయి కాబట్టి ఒళ్ళంతా నెమ్మదించింది అనుకుంటాం. నాడి చూస్తే తెలుస్తుంది. నిమిషానికి 20 నుంచి 50 దాకా ఎక్కువ కొట్టుకుంటుంది. రక్తనాళాలు వదులై కళ్ళు ఎర్రబడతాయి, దబ్బున లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పీల్చిన మొదటి గంట గుండె జబ్బు ఉన్నవాళ్ళకు మంచిది కాదు. మన మెదడు తనకు తానే గంజాయిలాంటి రసాయనం ఒకటి తయారు చేసుకుంటుంది, 1992లో జెరూసలేంలో దాన్ని కనిపెట్టినవాళ్ళు మన ఆనందం అనే మాటనే తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఆకలి, నొప్పి, జ్ఞాపకం, కాలం ఎంత గడిచిందో తెలియడం, వీటికి కావలసినంత కావలసిన చోట దాన్ని వదులుతుంది. గంజాయిలో మత్తెక్కించే రసాయనం టీహెచ్‌సీ మెదడంతా ఒకేసారి కమ్మేస్తుంది. అందుకే ఐదు నిమిషాలు అరగంటలా అనిపించడం, చెప్పే మాట మధ్యలో మర్చిపోవడం, అర్ధరాత్రి మిర్చి బజ్జీల కోసం తిరగడం. ఇంకా ఎదుగుతున్న మెదడుకు, అంటే ఇంటర్, డిగ్రీ పిల్లలకు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా మతి చెడిన చరిత్ర ఉంటే, ఇది తలను కుదురుగా ఉండనివ్వకపోవచ్చు.

మా థియేటర్‌కు ఒకసారి హెర్నియాకు ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ అంటూ రాత్రంతా తిరిగే మనిషి. బీడీ, మందు ఉన్నాయన్నాడు, ఇంకేం లేదన్నాడు. మామూలు మనిషి పడుకునే మత్తుకు ఆయన కళ్ళు తెరిచి మమ్మల్ని చూస్తున్నాడు, ఇంకా ఇవ్వాల్సి వచ్చింది, నాడి మాత్రం 130 దిగలేదు. తర్వాత భార్యనడిగితే రోజూ గంజాయి ఉందని మెల్లగా చెప్పింది. రోజూ తాగేవాళ్ళకు మత్తు ఎక్కువ పడుతుంది. డాక్టర్ అడిగేది పోలీసులకు చెప్పడానికి కాదు, ఎంత మందు ఎక్కించాలో తెలియడానికి. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుని మెల్లగా దిగుతుంది కాబట్టి రోజూ తాగి మానేసినవాడి మూత్రంలో నెల దాకా కనబడవచ్చు. నిన్న తాగలేదు కదా అని దాచొద్దు.

ఇంకో పిల్లవాడి సంగతి ఇంతకంటే వింత. వాంతులు, కడుపునొప్పి, మూడుసార్లు అడ్మిట్ అయ్యాడు, స్కానింగ్ బాగుంది, ఎండోస్కోపీ బాగుంది. వాళ్ళమ్మ ఎవరో చేతబడి చేశారని తాయత్తు కట్టించింది. "పిల్లగానికి ఏందో సార్, దినాం అయిదారుసార్లు ఉడుకు నీళ్ళు పోసుకుంటుండు" అని ఆమె మాటల్లో మాటగా అన్నది. అది వినగానే డాక్టర్ తల ఎత్తారు. ఏళ్ళ తరబడి గంజాయి తాగినవాళ్ళలో కొందరికి వచ్చే వాంతుల జబ్బు అది, వేడినీళ్ళ స్నానంతో కాసేపు తగ్గినట్టుంటుంది, మానితే గానీ పోదు. వాంతులకు మందని గంజాయినే తాగుతున్నాడు వాడు.

మానడం కూడా అన్నిటికీ ఒక్క తీరు ఉండదు. పాలమూరు దిక్కు అల్ప్రాజోలం అనే నిద్రమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్ళు దబ్బున ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. గంజాయి మానితే చిరాకు, నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం ఓ రెండు వారాలు. మెథ్ లాంటి హుషారు మందులు మానితే ఒంట్లో ఊపిరే లేనట్టు పడిపోతారు, మనసు బాగా కుంగుతుంది, ఆ రోజుల్లో ఒంటరిగా వదలొద్దు. మత్తు అలవాట్లు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే మాట్లాడతారు, డబ్బులేమీ పడవు.

సీసా ఇవ్వలేదని వేరే చెప్పక్కర్లేదు కదా. వాడు మూతి ముడుచుకుని పోయాడు. నాలుగు రోజులకు చిన్నమ్మ ఫోన్ చేసింది, పిల్లగాడు జిమ్‌కు పోతలేడని, నిన్న పద్నాలుగు గంటలు పండుకున్నడని, లేచి పదకొండు ఇడ్లీలు తిన్నడని. "ఇప్పుడు మంచిగ తింటుండు బిడ్డా, ఏం టెన్షన్ లేదు" అన్నది. సాయంత్రం బీపీ మిషన్ పట్టుకుని వస్తున్నా అని చెప్పి పెట్టేశాను.