తాగిన నీళ్లు కావు, దిగిన నీళ్లు

మలావీ నుంచి హైదరాబాదుకు తిరిగి వచ్చిన కొద్ది వారాలకు నాకు జ్వరం మొదలైంది. సాయంత్రమయ్యేసరికి వణుకు, రాత్రంతా చెమటలు, పగలు పొడి దగ్గు, వీపు మీదా తొడల మీదా దురద పెట్టే దద్దుర్లు. ఆఫ్రికా వెళ్లి వచ్చానని చెప్పగానే మలేరియా పరీక్ష చేసి లేదన్నారు. డెంగీ కూడా లేదన్నారు. చివరికి టైఫాయిడ్ కావచ్చునని యాంటీబయాటిక్స్ వాడించారు గానీ జ్వరం దిగలేదు.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ని కనుక, నీటి సరఫరా ఇంజనీరునయ్యాక స్వచ్ఛంద సేవకు అవకాశం రాగానే మలావీ సరస్సు దక్షిణ తీరంలోని మంగోచి జిల్లాకు వెళ్లాను. అక్కడ వాడేది ఆఫ్రిడెవ్ చేతిపంపు. మన ఊళ్లలో ఇండియా మార్క్ 2 బోరింగు చెడిపోతే పైపులన్నీ పైకి లాగడానికి మెకానిక్కులు రావలసిందే. ఆఫ్రిడెవ్‌లో పైపులను కదపకుండానే పిస్టనునూ అడుగు వాల్వునూ బయటికి తీయవచ్చు, దానికి ప్రధానంగా కావలసింది ఒక స్పానరు. ఊరి ఆడవాళ్ల కమిటీ ఆ మరమ్మతు మాకంటే వేగంగా చేసేది. (ఈ పంపు సంగతి ఎత్తితే నాకు ఆపడం చేతకాదు.) పంపు వేయడానికి ముందు ఊరివాళ్లు వాడుతున్న నీటి నమూనాలు సేకరించాలి కాబట్టి, మధ్యాహ్నపు ఎండలో సరస్సు ఒడ్డు రెల్లులో మోకాలి లోతున నిలబడి సీసాలు నింపేవాణ్ని. తాగేది మాత్రం ఎప్పుడూ కాచిన నీళ్లే.

అందుకే, ఏ నీళ్లు తాగారని ఆసుపత్రిలో అడిగినప్పుడల్లా నా జవాబుతో వాళ్ల అనుమానాలు తీరిపోయేవి. అంటువ్యాధుల నిపుణురాలు ఒకావిడ రక్తపరీక్ష కాగితంలో ఇసినోఫిల్స్ (ఒంట్లో పురుగులు చేరినప్పుడు పెరిగే ఒక రకం తెల్లరక్తకణాలు) విపరీతంగా పెరిగి ఉండటం చూసి, కాసేపాగి, ‘‘తాగిన నీళ్ల సంగతి సరేనండీ, మీరు ఏ నీళ్లలో దిగారు?’’ అని అడిగారు. రెల్లు సంగతి చెప్పాను. ప్రతిరక్షకాల పరీక్షలో బిల్హార్జియా అనే పురుగుల జబ్బని తేలింది. దాని తొలిదశలో వచ్చే ఈ జ్వరాన్ని జపానులోని ఒక ప్రాంతం పేరుతో కతయామా జ్వరమంటారు.

ఈ పురుగు పిల్లలు మంచినీటి నత్తల నుంచి వెలువడి, కంటికి కనబడకుండా నీళ్లలో ఈదుతూ, మనిషి చర్మాన్ని కొద్ది నిమిషాల్లోనే తొలుచుకుని లోపలికి పోతాయి. మలావీలో ఎక్కువగా ఉండే రకంలో పెద్ద పురుగులు మూత్రాశయం చుట్టూ ఉన్న రక్తనాళాల్లో ఏళ్ల తరబడి కాపురముండి గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల వల్ల మూత్రంలో రక్తం పడుతుంది, ఏళ్లు గడిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి, మూత్రాశయ క్యాన్సరు కూడా రావచ్చు. ‘‘చెర్ల దిగినందుకే ఇంత రోగమొస్తదా బిడ్డా?’’ అని అమ్మ నమ్మలేదు. ఆమె నమ్మకపోవడంలో వింత లేదు; మన దేశంలో ఈ జబ్బుకు చెప్పుకోదగ్గ చోటు మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని గిమ్వి ఒక్కటే.

ముందు స్టెరాయిడ్ మాత్రలతో జ్వరాన్ని అణచి, తర్వాత ప్రాజిక్వాంటెల్ ఇచ్చారు. కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల లెక్కన నాకు 600 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు వచ్చాయి. నాలుకకు తగిలితే భరించలేని చేదు. ఆ రోజంతా కడుపునొప్పి, తలతిప్పు. ఈ మందు ఎదిగిన పురుగులనే చంపుతుంది తప్ప లేత పురుగుల మీద సరిగా పనిచేయదు కనుక, కొన్ని వారాల తర్వాత మరో విడత మింగవలసి వచ్చింది. రెండింటి మధ్య కాలమే ఎక్కువ బాధించింది: జ్వరం లేదు, కానీ మెట్లెక్కితే ఆయాసం, ఏ పనీ చేయబుద్ధికాని నీరసం.

ఆ నీరసంలో నాకు మంగోచి పిల్లలే గుర్తొచ్చేవారు. బిల్హార్జియా పాతుకుపోయిన కొన్ని చోట్ల ఎర్రటి మూత్రాన్ని మగపిల్లలు పెద్దవాళ్లవుతున్న గుర్తుగా తీసుకుంటారు. ఫ్లోరైడుతో గారపట్టిన పళ్లను మా ఊళ్లో ఎవరూ జబ్బని అనుకోనట్టే అదీ. బడుల్లో పిల్లలను కొలకర్ర పక్కన నిలబెట్టి, ఎత్తును బట్టి ఇదే మాత్ర వేస్తారు. మర్నాడు సరస్సులో దిగితే మళ్లీ అంటుకోవచ్చు. మేం వేసిన పంపు కలరాకు అడ్డుపడుతుంది. 2022లో మొదలైన కలరాకు మలావీలో 1,700 మందికి పైగా చనిపోయారు కాబట్టి అది చిన్న సంగతేమీ కాదు. అయితే బిందెడు నీళ్లకే వరుస కట్టవలసిన చోట స్నానానికీ బట్టలకూ సరస్సే దిక్కు, కాబట్టి పంపు పక్కన ఉతికే బండలు, స్నానపు దడి లేకపోతే మా పని సగమేనని ఇప్పుడు నా అభిప్రాయం. మొదట్లో నేను వాటిని అదనపు ఖర్చుగా లెక్కగట్టేవాణ్ని.

రెండో విడత తర్వాత ఇసినోఫిల్స్ మామూలు స్థాయికి వచ్చాయి, మూత్రంలో గుడ్లు కనబడలేదు. కొన్ని నెలల తర్వాత మరోసారి పరీక్ష చేయించుకోమన్నారు. కోలుకుంటూనే బండలకు డ్రాయింగు గీసి, వాడిన నీరు అరటి పాదుల్లోకి పోయేలా కాలువ చూపించి, అక్కడి సహచరులకు పంపాను. దుప్పట్లూ దోమతెరలూ పరిచి ఉతకడానికి ఆ వెడల్పు చాలదనీ, అంతే కడితే వాటిని మళ్లీ సరస్సుకే తీసుకుపోతామనీ కమిటీ ఆడవాళ్లు జవాబు పంపారు. వెడల్పు పెంచి, సిమెంటు లెక్క సరిచేసి, కొత్త డ్రాయింగు పంపాను.