సెంబు అక్కడ నేదు

మా అమ్మ నోట లెక్కలేనన్నిసార్లు విన్న మాట ఒకటి ఉంది. పీట పక్కన పెట్టిన మంచినీళ్ల చెంబు ఆవిడ మోచెయ్యి తగిలి దొర్లిపోయేది. నీళ్లు వసారా అంతా పారి పత్తి బుట్ట దాకా వెళ్లేవి. నాన్న లోపలినుంచి కసురుకునేవారు. తడిసిన కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, ఆయనతో వాదించే ధైర్యం లేక, ఆవిడ నావైపు తిరిగి "సెంబు అక్కడ నేదురా బావూ" అనేది. చెంబు అక్కడే ఉందని నాకు తెలుసు, ఎందుకంటే పెట్టింది నేనే. కళ్లముందు ఉన్నదాన్ని లేదంటున్న అమ్మను చూసి చిన్నప్పుడు నవ్వు వచ్చేది, కొంచెం పెద్దయ్యాక విసుగు వచ్చేది.

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా వీధిలో దాదాపు ఇంటికొక రాట్నం ఉండే రోజులవి. అమ్మ పదేళ్ల ప్రాయంనుంచీ నూలు వడికింది. పత్తిని ఎండబెట్టి, వాలుగ చేప దవడ ఎముకతో గింజకు అంటుకున్న పోగులను దువ్వి, గింజ తీసి, దూదిని ఏకి, మెత్తగా ఏకులు చుట్టి, చేతి చెమట అంటకుండా వాటిని ఎండిన అరటి పట్టలో పెట్టుకుని, అప్పుడు రాట్నం ముందు కూర్చునేది. కుడిచెయ్యి చక్రం తిప్పుతూ ఉంటే ఎడమచెయ్యి ఏకును పట్టుకుని వెనక్కి, పైకి సాగిపోయేది, ఆ చేతివేళ్లకూ కదురు మొనకూ మధ్య వెంట్రుక కన్న సన్నని పోగు పుట్టుకొచ్చేది. నూరో నంబరు నూలు అంటే పాత లెక్క ప్రకారం పౌను దూదికి నూరు చిలపలు, చిలప ఒక్కింటికి 840 గజాలు. తరువాత నేను కొలతల ఉద్యోగంలో చేరాక ఒకసారి సరదాగా లెక్క కడితే, ఆ పౌను నూలు పొడవు 47 మైళ్లు దాటింది. అంత సన్నని పోగు ఎక్కడ పలచబడుతోందో, ఎక్కడ ముడి పడుతోందో అమ్మ 60 దాటిన వయసులో కూడా కళ్లద్దాలు సరిచేసుకుంటూ చూసి పట్టుకునేది. అటువంటి మనిషి పక్కనున్న చెంబు కనిపించలేదంటే ఎవరు నమ్ముతారు? అజాగ్రత్త అన్నారు నాన్న. పరధ్యానం అన్నాడు మా చిన్నాన్న. నేనేమీ అనలేదు గాని, ఆ రెండింటిలో ఏదో ఒకటి నిజమనే అనుకున్నాను.

చెంబుతోనే పోతే బాగుండేది. వీధిలో ఎదురుగా వచ్చిన వాళ్లను ఆవిడ దూరంనుంచే పలకరించేది, పక్కనుంచి వచ్చి దాటిపోయిన వాళ్లను మాత్రం పట్టించుకోకుండా నడిచిపోయేది. మా అప్ప, అంటే మా అక్క, పెళ్లిలో వియ్యపురాలు కుడివైపున నిలబడి కుంకుమ భరిణె చాచితే, అమ్మ చూడకుండా ముందుకు నడిచి వెళ్లింది. ఆ పెళ్లివారు ఆ మాటను పదేళ్లపాటు మోశారు. "నూలు వడుక్కునే వాళ్లకే ఇంత గర్వమైతే" అని ఎవరో అన్నారని తెలిసి అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తనకు కనపడలేదని ఆవిడ ఎవరితోనూ చెప్పుకోలేదు. తనకు కనపడడం లేదన్న సంగతి ఆవిడకే తెలియదని నాకు ఇప్పుడు తెలుసు.

అయినా లోపల ఏదో అనుమానం ఉండేదేమో, ఏటా రథసప్తమికి అరసవల్లి తీసుకుపొమ్మనేది. తెల్లవారకముందే నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకులలో పరమాన్నం పెట్టి, ఆ తరువాత బయలుదేరేవాళ్లం. కళ్ల జబ్బులకు సూర్యనారాయణమూర్తిని మొక్కుకోవడం మా వైపు ఉన్న అలవాటే. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు గుడి ద్వారం గుండా వచ్చి స్వామి పాదాలను తాకే సంగతి ఆవిడ ఎన్నిసార్లు చెప్పించుకున్నా విసుగు చెందేది కాదు. జనంలో దారి పొడవునా ఎవరో ఒకరి కాలు తొక్కుతూ, క్షమించమని అడుగుతూ నడిచేది. గర్భగుడి ఎదుటకు చేరాక మాత్రం ముఖం విప్పారేది. "సామి సక్కగా అవుపిస్తన్నాడు, నా కళ్లకేటీ అవలేదు" అని నా భుజం తట్టేది. ఎదుట ఉన్నది చక్కగానే కనిపించేది మరి.

చివరి రోజుల్లో కంటి శిబిరంలో పరీక్ష చేసి శుక్లం ఉందన్నారు, ఒక కంటికి ఆపరేషన్ చేశారు, సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. అక్షరాలు పెద్దవై కనిపించాయి గాని, గడపలు తగలడం ఆగలేదు. ఆపరేషన్ సరిగా చెయ్యలేదని మేము ఆ వైద్యుణ్ణి తిట్టుకున్నాం. నిజానికి ఆయన చేసిన పని బాగానే చేశాడు, చూడవలసిన రెండోది చూడలేదంతే. మేమూ అడగలేదు. అమ్మ 1993లో పోయింది. రాట్నం మా అప్ప తీసుకుంది.

నేను 1976లో సర్వే శాఖలో చేరాను. 66 అడుగుల గొలుసు, దానికి నూరు లంకెలు, పది చదరపు గొలుసులకు ఎకరం, ఇదే 35 ఏళ్లపాటు నా లోకం. 1979లో మా జిల్లాలోంచి, విశాఖపట్నం జిల్లాలోంచి కొంత కొంత తీసి విజయనగరం జిల్లా చేసినప్పుడు, ఊళ్ల పటాలు, కొలతల పుస్తకాలు కట్టలు కట్టి అటు పంపడంతో నెలల తరబడి దుమ్ములోనే గడిపాం. ఆ ఉద్యోగంలో నాకు ఎక్కువగా ఎదురైన తగాదా గట్టు తగాదా. పక్క రైతు ఏటా దుక్కికి ముందు గట్టును ఒక పార మందం చెక్కుతాడు. ఏ సంవత్సరానికా సంవత్సరం చూస్తే ఏమీ తేడా కనపడదు. పొలం యజమాని రోజూ ఆ గట్టు మీదే నడుస్తాడు, ఆ పొలంలోనే నాట్లు వేస్తాడు, పంట మధ్యలో పచ్చగానే ఉంటుంది. ఇరవై ఏళ్లకు ఎవరితోనో మాటామాటా వచ్చి కొలిపిస్తే ఏడు సెంట్లు పోయాయని తేలుతుంది. "నిన్నటిదాకా ఉందండీ" అని ఆ మనిషి గొలుసు పట్టుకుని ఏడుస్తాడు. అటువంటి వాళ్లకు నేను కొంచెం గట్టిగానే చెప్పేవాణ్ణి, నీ పొలం నువ్వు చూసుకోవద్దా అని.

ఇప్పుడు నాకు 72 ఏళ్లు. మూడేళ్ల కిందట శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి దగ్గర స్కూటరు మీద వెళుతుండగా, ఎడమవైపునుంచి వచ్చిన ఒక కుర్రవాడి సైకిలును గుద్దాను. దెబ్బలేమీ తగలలేదు. చుట్టూ చేరిన జనం నన్నే తప్పు పట్టారు, వాడు చాలాసేపటినుంచి పక్కనే వస్తున్నాడన్నారు. "ఆ అబ్బాయి అక్కడ లేడు" అన్నాను నేను, ప్రమాణపూర్తిగా. ఆ మాట నా నోట రాగానే ఏదో గుర్తుకు వచ్చినట్టయి, ఏమిటో అందక, ఇంటికి వచ్చేశాను. తరువాత ఒకే నెలలో రెండుసార్లు తలుపు చెక్క నుదుటికి తగిలింది. మా ఆవిడ ఊరుకోలేదు.

కంటి వైద్యురాలు కంటి పీడనం కొలిచారు. మామూలుగా 10 నుంచి 21 దాకా ఉండాలట, నాకు కుడికంట 28, ఎడమకంట 31 ఉంది. మర్నాడు ఫీల్డ్ టెస్టు చెయ్యాలన్నారు. ఫీల్డ్ అన్న మాట విని నాకు నవ్వు వచ్చింది, జన్మంతా నేను ఇతరుల ఫీల్డులే కదా కొలిచింది.

చీకటి గదిలో ఒక తెల్లని గిన్నెలాంటి యంత్రం. గడ్డం ఒక ఆసరా మీద పెట్టించి, ఒక కన్ను మూసి, మధ్యలో వెలిగే పసుపు చుక్కనే చూడమన్నారు, పక్కల ఎక్కడ సన్నని వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కమన్నారు. కొంతసేపు వరసగా నొక్కాను. తరువాత నిశ్శబ్దం. యంత్రం లోపల ఏదో కదులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, వెలుగు మాత్రం రావడం లేదు. వస్తూ ఉండి ఉంటుందని, నాకే కనపడడం లేదని అర్థమై, పరువు పోతుందన్నట్టు చప్పుడు విన్నప్పుడల్లా అంచనాగా నొక్కసాగాను. పక్కన కూర్చున్న అమ్మాయి చూసి, "తాతగారూ, కనపడితేనే నొక్కండి, దొంగలెక్క మిషనుకు తెలిసిపోతుంది" అంది. 35 ఏళ్ల సర్వీసులో దొంగలెక్క రాయలేదని గర్వంగా చెప్పుకునే మనిషిని నేను.

కాగితం చేతికి వచ్చింది. అది అచ్చంగా మా కొలతల పుస్తకంలోని పొలం పటమే. నడుమ తెల్లగా ఒక చెక్క, చుట్టూ బూడిద రంగు, ముక్కు వైపున, పైభాగాన నలుపు. గట్లు పోయాయి. వైద్యురాలు ఓపికగా చెప్పారు: దీన్ని నీటికాసులంటారు, కంట్లో నీరు ఊరుతూనే ఉంటుంది, అది బయటికి పోయే తూము సరిగా పారకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి కంటి నరం నలిగిపోతుంది. ఒత్తిడి మామూలుగా ఉన్నవాళ్లకు కూడా కొందరికి వస్తుందట. ఆ నరంలో పది లక్షలకు పైగా పోగులుంటాయట. పోగులనే అన్నారు ఆవిడ. ఒక్కొక్కటే తెగుతుంటే నొప్పి ఉండదు, ఎర్రదనం ఉండదు, ఎదుటి చూపు చాలాకాలం చెక్కు చెదరదు. తెగినవి మళ్లీ అతకవు, ఉన్నవి నిలుపుకోవడమే. శుక్లమైతే తీసి అద్దం పెట్టవచ్చు, ఇది అలా కాదు.

నేనొక ప్రశ్న అడిగాను. అంత నలుపు ఉంటే నాకు నల్లగా కనపడాలి కదా అని. కనపడదన్నారు. పక్కన లేని చూపును మెదడు చుట్టూ ఉన్న నేలతోనో గోడతోనో పూడ్చేస్తుంది, కాబట్టి రోగికి అక్కడ చీకటి కనిపించదు, ఖాళీ నేల కనిపిస్తుంది, దాని మీద ఉన్న వస్తువు మాత్రం ఉండదు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని ఆవిడ అడిగారు. లేదండీ, మా అమ్మకు శుక్లం ఒక్కటే ఉండేదని చెప్పి లేచి వచ్చేశాను. ఆటోలో సగం దారి వచ్చాక, నాగావళి వంతెన మీద, ఆ ఖాళీ నేల అన్న మాట మళ్లీ వినిపించింది. మా వసారా కనిపించింది. ఎర్రమట్టి అలికిన నేల, పీట, రాట్నం, అరటి పట్టలో ఏకులు. చెంబు లేదు. అమ్మ చూసిన వసారా అదే. ఆవిడ ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. ఆటో ఆపించి కాసేపు వంతెన మీద నిలబడ్డాను. ఎందుకు ఆపించారని డ్రైవరు అడిగితే, గాలి కోసమని చెప్పాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి మా ఆవిడ చుక్కలు వేస్తుంది. నాకు ఆయాసం ఉందని ఒక రకం మందు మానిపించి వేరేవి రాశారు. ఒక మందుకూ మరో మందుకూ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, మందు గొంతులోకి జారకుండా ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. ఆ రెండు నిమిషాలూ కళ్లు మూసుకుని కూర్చుంటాను. పీడనం 16కు దిగింది. స్కూటరు మా తోడల్లుడి కొడుక్కు ఇచ్చేశాను. మంచినీళ్ల చెంబు నా ఎదుటే పెట్టమని చెప్పాను, పక్కన వద్దని.

తల్లికో తండ్రికో తోబుట్టువులకో ఈ జబ్బు ఉంటే మిగిలిన వాళ్లకు వచ్చే అవకాశం చాలా ఎక్కువట, 40 దాటిన వాళ్లందరూ పరీక్ష చేయించుకోవాలట. మా అబ్బాయి చేయించుకున్నాడు, ప్రస్తుతానికి ఏమీ లేదన్నారు. విశాఖపట్నంలో ఉన్న మా అమ్మాయికి నరం కొంచెం అనుమానంగా ఉందని ఆరు నెలలకొకసారి రమ్మన్నారు. పొలం పంచుకునేటప్పుడు మా ఇంట్లో ఒక్క మాట కూడా రాలేదని నేను అందరి దగ్గరా చెప్పుకునేవాణ్ణి. ఈ పంపకం ఒకటి మిగిలి ఉందని అనుకోలేదు.

ఇక మా అప్ప. ఆవిడకు 78 నిండాయి, పొందూరులో అదే ఇంట్లో ఉంటోంది, అదే రాట్నం మీద ఇంకా రోజుకు కొంత నూలు తీస్తుంది. వంద సార్లు ఫోను చేసి ఉంటాను. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నుదుట ఎడమవైపున కమిలిన మచ్చ చూసి, ఏమిటప్పా ఇది అంటే, పెరటి తలుపు తగిలిందంది. కళ్లు చూపించుకుందాం రమ్మన్నాను.

"నాకేటయినాదిరా తమ్ముడూ?" అంది. రాట్నం ముందుకు లాగి, ఏకు అందుకుని, కదురు మొనకు పోగు తగిలించి, చెయ్యి వెనక్కి సాగదీసింది. కిటికీ వెలుగులో ఆ పోగు ఒకసారి మెరిసింది, నాకైతే తరువాత కనపడలేదు. "ఇది అవుపిస్తన్నాదా నీకు? నాకు అవుపిస్తన్నాది. నీ కళ్లు సూసుకో ముందు."

పక్కనే, ఆవిడ ఎడమ మోచేతికి జానెడు దూరంలో, నాకు తెచ్చిన టీ గ్లాసు ఉంది. దాన్ని తీసి చేతిలో పట్టుకున్నాను. వచ్చే మంగళవారం చిలకపాలెం మీదుగా పొద్దుటి బస్సుకు మళ్లీ వెళుతున్నాను, ఈసారి మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని. మేనకోడలు అడిగితే అప్ప కాదనలేదు.