ఓటు లేని ఆదివారం

9 జూన్ 2024, బెర్లిన్

ఆదివారం కదా, షాపులన్నీ మూత. పాలు నిన్ననే అయిపోయాయి. బ్లాక్ కాఫీతో సరిపెట్టుకుని నడకకి బయల్దేరాను. ఇవాళ ఇక్కడ యూరోపియన్ పార్లమెంటుకి పోలింగ్. నాది ఇండియా పాస్‌పోర్టు, ఓటు లేదు. పోస్టర్లు చదవడానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

అధికార కూటమిని నడిపే ఎస్‌పీడీ పోస్టర్లో, ఆ పార్టీ ప్రధాన అభ్యర్థి కతరీనా బార్లే పక్కన జర్మనీ ఛాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) షోల్జ్. ఆయన ఈ ఎన్నికలో అభ్యర్థే కాదు! మిగతావాళ్లవి శాంతి, భద్రత, ఇలా ఏ ఎన్నికకైనా అతికే మాటలు. అచ్చంగా యూరప్ గొడవ అనిపించింది ఒక్కటే: 2035 నుంచి కొత్త పెట్రోల్, డీజిల్ కార్లు ఆపేయాలన్న నిబంధన. ఇక్కడి ప్రతిపక్ష పార్టీ సీడీయూ దాన్ని ఎత్తేయాలంటోంది. తమాషా ఏమిటంటే, ఆ ప్రతిపాదన తెచ్చిన యూరోపియన్ కమిషన్‌కి (యూరోపియన్ యూనియన్‌కి ప్రభుత్వం లాంటిది) అధ్యక్షురాలు ఫాన్ డెర్ లెయెన్, ఆవిడదీ సీడీయూనే. మళ్లీ అదే పదవి కావాలంటోంది గానీ ఆవిడ పేరు ఏ బ్యాలెట్‌లోనూ లేదు.

ఎదురింటి అమ్మాయికి ఇది మొదటి ఓటు. ఈ ఎన్నికకి జర్మనీలో ఈసారి 16 ఏళ్లకే ఓటిచ్చారు. 30కి పైగా పార్టీలున్న బ్యాలెట్ ఎంత పొడుగుందో చేతులు చాచి చూపించింది. వాళ్లమ్మ మాత్రం "ఈ ప్రభుత్వానికి బుద్ధి చెప్పి వచ్చాం" అంది. ఏ ప్రభుత్వమో అడగక్కర్లేదు.

నాలుగింటికి అమ్మ ఫోన్. అక్కడ టీవీలో మోదీ ప్రమాణ స్వీకారం.

"మొన్న ఎంపీ ఓటు ఎవరికేశావమ్మా?"

"రెండు మిషన్ల మీదా సైకిలే నొక్కేశాన్రా."

"ఆయన పేరేంటి?"

"ఏదో ఉందిలే, ఇప్పుడెందుకు?"

సాయంత్రం ఆరుకి అంచనాలొచ్చాయి. ఎస్‌పీడీకి 14 శాతం దగ్గర. టీవీలో చర్చంతా షోల్జ్ ప్రభుత్వం నిలుస్తుందా లేదా అనే. 720 మంది కొత్త సభ్యులు ఏం చేస్తారన్న ఊసే లేదు. ఇంతలో ఫ్రాన్స్ నుంచి వార్త: అతి మితవాద నేత బార్డెలా జాబితాకి 30 శాతం దాటిందని అధ్యక్షుడు మక్రాన్ తమ దేశ జాతీయ అసెంబ్లీనే రద్దు చేశాడు. ఓట్లు పడింది స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ సభకి, ఊడింది పారిస్ సభ.

అమ్మ పడుకునే ముందు పెట్టిన మెసేజ్ ఇప్పుడు చూశాను: "మీ దగ్గర ఎవరు గెలిచార్రా?" యూరప్ సభలో వేర్వేరు దేశాల పార్టీలు కలిసిన గ్రూపులుంటాయి, వాటి లెక్క వేరు అని ఇంత పొడుగున టైప్ చేసి చెరిపేశాను. "ఇక్కడ ప్రతిపక్షం గెలిచిందమ్మా" అని పంపాను.