అద్దె లెన్స్‌తో పులికాట్‌లో రెండు ఉదయాలు

పోయిన డిసెంబరులో నేలపట్టు పక్షుల కేంద్రానికి, పులికాట్ సరస్సుకు వెళ్లి పక్షుల ఫోటోలు తీయాలనుకున్నప్పుడు నా దగ్గరున్నది ఒక మామూలు కెనాన్ కెమెరా, 55-250 ఎం.ఎం. జూమ్ లెన్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది). కెమెరా క్రాప్ సెన్సర్‌ది (లోపల బొమ్మ పట్టే పలక చిన్నది) కాబట్టి 250 దగ్గర దాదాపు 400 లెన్స్ చూపించినంత దగ్గరగా చూపిస్తుంది. చెరువు కొంగలకు అది చాలు. పులికాట్‌లో ఫ్లెమింగోలు మాత్రం రోడ్డుకు బాగా దూరంగా మేస్తుంటాయి, వాటికి 150-600 కావాలి. కొనాలంటే లక్షకు అటూ ఇటూ అవుతుంది. అందుకని విజయవాడలో మూడు రోజులకు అద్దెకు తీసుకున్నాను.

తెచ్చిన రోజే డాబా మీద కాకుల్ని తీసి చూశాను. రెండు కేజీల బరువు, పది నిమిషాలకే చెయ్యి వణికింది. కారులో ట్రైపాడ్ కుదరదు. అమ్మ మందపాటి గుడ్డతో ఒక సంచి కుట్టిచ్చింది. దాన్ని ఖాళీగా తీసుకెళ్లి, సూళ్లూరుపేటలో బియ్యం కొని నింపాను. కిటికీ అద్దం దించి, డోరు మీద సంచి వేసి, దానిమీద లెన్స్ ఆనిస్తే కదలదు.

మొదట దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టుకు వెళ్లాం. అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువు నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువని ఊరివాళ్లు వాటిని ఎన్నో ఏళ్లుగా కాపాడుకుంటున్నారు. అంత దగ్గరగా ఉండే పక్షులకు 600 అక్కర్లేకపోయింది, నా పాత లెన్సే సరిపోయింది. కాకపోతే ముదురు ఆకుల మధ్య తెల్లటి ఒళ్లు, ఈకల గీతలు కనబడకుండా సున్నం కొట్టినట్టు వచ్చింది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించాక, అంటే ఫోటోలో పడే వెలుగును సగం చేశాక సరిపోయింది.

మర్నాడు టిఫిన్ చేసి, పదింటికి సరస్సు మధ్యగా పోయే శ్రీహరికోట రోడ్డెక్కాం. ఫ్లెమింగోలు వందల్లో ఉన్నాయి! రెండు గంటలు తీశాను. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే ఒక్క ఫోటోలోనూ కన్ను స్పష్టంగా లేదు. లెన్స్ పాడైందేమోనని టెన్షన్ పట్టుకుంది. అద్దెకిచ్చినాయనకు ఫోన్ చేశాను.

"ఎన్నింటికి తీశారండీ?" అని అడిగాడు.

పదింటికి అన్నాను.

"లెన్స్ బాగానే ఉందండీ. ఎండెక్కితే నేల మీద గాలి ఆడుతుంది. దూరం పెరిగేకొద్దీ బొమ్మ అలుక్కుపోతుంది. రేపు పొద్దు పొడవకముందే వెళ్లండి."

నెలల తరబడి లెన్సుల గురించే చదివాను, వేళ గురించి ఆలోచించనే లేదు. మూడో రోజు ఆరింటికల్లా అక్కడున్నాం. ఆ రోడ్డు తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి వస్తాడు కాబట్టి, ఎడమవైపు పక్షుల మీద వెలుగు చక్కగా పడింది. 600 దగ్గర ఆ లెన్స్ రంధ్రం ఎఫ్ 6.3 కంటే పెద్దగా తెరుచుకోదు, లోపలికి వెలుగు తక్కువ వస్తుంది. అందుకని ఐఎస్‌ఓ (తక్కువ వెలుగును కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె) 3200 పెట్టక తప్పలేదు, ఫోటోలో కొంచెం గరుకు వచ్చింది. వెలుగు పెరిగాక షట్టర్ వేగాన్ని సెకనులో రెండువేలో వంతుకు తీసుకెళ్లాను. అప్పుడే ఒక గుంపు లేచింది. రెక్కల కింది గులాబీ రంగు, నల్లటి అంచు, కళ్లు, అన్నీ పడ్డాయి. కారులో ఎవరం మాట్లాడలేదు.

తొమ్మిది దాటాక గాలి మళ్లీ ఆడటం మొదలైంది. కెమెరా లోపల పెట్టి బైనాక్యులర్స్ తీశాను.

వచ్చే జనవరిలో మళ్లీ వెళ్తున్నాం. అదే లెన్స్ రెండు రోజులకే చెప్పాను. రెండు ఉదయాలూ పులికాట్‌కే, నేలపట్టు సాయంత్రం.