కెన్నెడీ కొబ్బరిచిప్ప

బోస్టన్‌లో రెడ్ లైన్ రైలు దిగి, షటిల్ బస్సెక్కితే సముద్రం ఒడ్డునున్న కెన్నెడీ లైబ్రరీ దగ్గర దింపుతుంది. ఐ.ఎం. పే డిజైన్ చేసిన తెల్లటి కట్టడం, పెద్ద గాజు హాలు. ఫొటోలకు బాగుంటుంది, గాలి మాత్రం కోసేస్తుంది.

నేను వెళ్లింది ఒక కొబ్బరిచిప్ప కోసం. చెక్క, ప్లాస్టిక్ మధ్య బిగించి ఉంది. దానిమీద వంకరటింకర అక్షరాలు: స్థానికుడికి చోటు తెలుసు, 11 మంది బతికున్నాం, చిన్న పడవ కావాలి, కెన్నెడీ.

"కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ కొబ్బరిచిప్ప చూస్తున్నారా బావగారూ!" అని మా బావమరిది ఒకటే నవ్వు.

1943 ఆగస్టు 2న సాలమన్ దీవుల దగ్గర, చీకట్లో జపాన్ యుద్ధనౌక అమగిరి గుద్దడంతో, నేవీ అధికారిగా కెన్నెడీ నడుపుతున్న పీటీ-109 పడవ రెండు ముక్కలైంది. 13 మందిలో ఇద్దరు పోయారు. ఒళ్లు కాలిన సహచరుడు మెక్‌మహన్ లైఫ్‌జాకెట్ పట్టీని పళ్లతో పట్టుకుని కెన్నెడీ గంటల తరబడి ఈదాడు. ఈ చిప్పను శత్రువుల కంటపడకుండా దోనెలో చేరవేసింది బియుకు గాసా, ఎరోనీ కుమానా అనే దీవివాసులు. నన్నడిగితే వాళ్ల గుండెధైర్యమే ఎక్కువ. చిప్ప చివరికి అధ్యక్షుడు కెన్నెడీ ఓవల్ ఆఫీసులో పేపర్‌వెయిట్ అయింది.

1946లో కెన్నెడీ అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, పోటీ చేసినప్పుడే ఈ సాహసం మీద వచ్చిన పత్రికా వ్యాసాన్ని కాపీలు వేయించి ఓటర్లకు పంచారు. తండ్రికి డబ్బుకు కొదవ లేదు. తర్వాత పడవ ఆకారంలో టైపిన్నులొచ్చాయి. అక్కడిదాకా సరే. 1960లో డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని తేల్చే వెస్ట్ వర్జీనియా ప్రైమరీలో, ఆరోగ్య కారణాలవల్ల సైన్యంలోకి వెళ్లని ప్రత్యర్థి హంఫ్రీ ఏదో యుద్ధం తప్పించుకున్నట్టు కెన్నెడీ తరఫున మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొడుకు మాట్లాడాడు. ఆ ఒక్క మాటతోనే హంఫ్రీ ఓడాడనను గానీ, అది కుళ్లు రాజకీయమే.

"కెర్రీకి జరిగింది దీనికి రివర్స్ కదా," అన్నాడు బావమరిది. 2004లో ఇదే ఊళ్లో జరిగిన పార్టీ మహాసభలో డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీ సెల్యూట్ కొట్టి, డ్యూటీకి వచ్చానంటూ ప్రసంగం మొదలెట్టాడు. వియత్నాంలో పడవ నడిపి సిల్వర్ స్టార్ తెచ్చుకున్నవాడు. వచ్చే నెలకల్లా ఆ పతకాల మీదే బురద చల్లుతూ టీవీలో ప్రకటనలు. వియత్నాం గడప తొక్కకుండా టెక్సాస్ ఎయిర్ నేషనల్ గార్డులో పనిచేసిన బుష్ మళ్లీ గెలిచాడు. కెర్రీ ఏ పతకాలు సాధించాడో బావమరిదికి గుర్తులేదు, ఆ ప్రకటనలు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయట.