ఈ-రీడర్‌కీ నా బొటనవేలికీ మధ్య గొడవ

ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదువుకునే ఎలక్ట్రానిక్ పలక, కొన్న మూడో వారంలో కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. పొద్దున్నే సీసా మూత తిప్పబోతే చురుక్కుమనేది. ఆఫీసులో మౌస్ వల్ల అనుకున్నాను, చెయ్యి కింద పెట్టుకుని పడుకోవడం వల్ల అనుకున్నాను. ఈ-రీడర్ వల్ల అని మాత్రం తట్టలేదు. ఇటుకల్లాంటి నవలలు చదివినప్పుడు రాని నొప్పి, ఇంత పల్చటి పలకతో వస్తుందా?

తర్వాత పని ఎక్కువై ఓ వారం దాన్ని ముట్టుకోలేదు. నొప్పి పోయింది. పని తెమిలిన రోజు రాత్రి ఏకధాటిగా రెండు గంటలు చదివాను. తెల్లారేసరికి మళ్లీ అదే చురుకు. దొంగ దొరికాడు.

వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను. రీడర్ 205 గ్రాములు. దానికి తొడిగిన అట్టలాంటి కవర్ 128. అంటే నేను మోస్తున్నది 333 గ్రాములు. కొనేటప్పుడు రీడర్ బరువు చూసుకున్నాను గానీ కవర్ బరువు ఎంతో అడగాలని తోచలేదు.

అయినా మూడొందల గ్రాములు ఓ బరువా అనిపించింది. అప్పుడు ఎలా పట్టుకుంటున్నానో గమనించాను. కాగితం పుస్తకమైతే రెండు చేతులతో పట్టుకుంటాం, ఒళ్లో పెట్టుకుంటాం, పేజీ తిప్పిన ప్రతిసారీ పట్టు మారుతుంది. ఈ-రీడర్‌తో ఆ కదలికే లేదు. ఒక పక్క అంచును బొటనవేలితో నొక్కి పట్టి, అదే వేలిని కాస్త జరిపి తెరను తట్టి, మళ్లీ అంచు మీదకి తెచ్చుకుంటాను. గంటకు వంద సార్లైనా ఇదే తంతు. పైగా బరువంతా మధ్యలో ఉంటుంది, నేను పట్టుకున్నది అంచు. నిండు పళ్లేన్ని ఒక కొస పట్టుకుని ఎత్తినట్టు. కవర్‌ని వెనక్కి మడిస్తే మందం కూడా పెరిగి, వేలు ఇంకా చాచాల్సి వస్తోంది.

ముందు కవర్ తీసేశాను. మూత తెరవగానే మేలుకుని, మూయగానే నిద్రపోయే సౌకర్యం పోయింది. అది పెద్ద నష్టమేం కాదు, బటన్ నొక్కితే సరిపోతుంది. కానీ వెనక ప్లాస్టిక్ నున్నగా ఉండి జారుతుంటే, జారుతుందన్న భయంతో ఇంకా గట్టిగా నొక్కేదాన్ని. బరువు తగ్గింది, నొక్కుడు పెరిగింది.

దానికి మందుగా, ఫోన్‌ల వెనక అంటిస్తారే, అయస్కాంతం ఉన్న ఉంగరం, అది తెచ్చి అంటించాను. వేలు దూర్చితే పట్టు బాగానే ఉంది. ఆ రాత్రి చదువుతూ చదువుతూ ఉండగా పేజీ మాయమై నిద్ర తెర వచ్చింది. బటన్ నొక్కాను, పేజీ వచ్చింది, ఉంగరాన్ని కాస్త తిప్పగానే మళ్లీ పోయింది. కొత్త వస్తువు పాడైపోయిందని టెన్షన్. రీస్టార్ట్ చేశాను, ఫుల్ ఛార్జ్ పెట్టాను, పుస్తకాలన్నీ పోతాయని తెలిసీ ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాను. మార్పు లేదు. మర్నాడు కవర్‌ని సంచీలో సర్దుతుంటే దాని అంచు వెళ్లి తాళంచెవికి టక్కున అంటుకుంది. అప్పుడు వెలిగింది. కవర్‌లో ఉన్నదీ అయస్కాంతమే. అది దగ్గరికొస్తే పసిగట్టే సెన్సర్ రీడర్‌లో ఉంటుంది, మూత మూశారని తెలిసేది దానివల్లే. నేను అంటించిన ఉంగరం ఒక వైపు తిరిగినప్పుడల్లా దానికి మూత మూసినట్టే అనిపిస్తోంది పాపం. ఉంగరం పీకేశాను. రీసెట్‌లో పోయిన పుస్తకాలు మళ్లీ ఎక్కించుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది.

చివరికి పనికొచ్చింది అన్నిటికన్నా చవకైన వస్తువు, ఓ సాగే పట్టీ. రెండు మూలలకు తగిలిస్తే వెనక అడ్డంగా నిలుస్తుంది. నాలుగు వేళ్లూ దానికింద దూర్చితే రీడర్ అరచేతి మీద కూర్చుంటుంది, దేన్నీ నొక్కి పట్టక్కర్లేదు. బొటనవేలికి పేజీ తిప్పే పని ఒక్కటే మిగిలింది. గంటకోసారి ఎడమచేతికి మార్చుకోవడం కూడా అలవాటు చేసుకున్నాను.

నేను లెక్కలోకి తీసుకోనిది ఇంకోటుంది, అక్షరాల సైజు. ఒక తెరలో ఎక్కువ వాక్యాలు పట్టాలన్న ఆశతో చిన్నగా పెట్టుకున్నాను. అలా పెడితే తెలుగులో వత్తులు కలిసిపోయినట్టుంటాయి, దాంతో రీడర్‌ని మొహం దగ్గరికి లాక్కునేదాన్ని, మోచెయ్యి గాల్లో, మణికట్టు వంకర. సైజు రెండు మెట్లు పెంచి, వరుసల మధ్య ఎడం పెంచాక, దూరంగా దిండు మీద ఆనించి చదవడం కుదిరింది. పేజీలు ఎక్కువ సార్లు తిప్పాలి, నిజమే. అయినా ఈ బేరం నాకే లాభం. పీడీఎఫ్‌ల దగ్గర మాత్రం ఈ ఆట సాగదు, అక్షరాలు పెంచితే పేజీయే తెర దాటి పోతుంది. వాటిని ల్యాప్‌టాప్‌కి వదిలేశాను.

తెర మీద అంటించే పొర కూడా కొన్నాను. అక్షరాల అంచులు మసకబారాయి, రెండో రోజే ఊడబెరికాను. వెలుతురు విషయంలో ఫిర్యాదు లేదు. ఫోన్ తెర వెనక నుంచి వెలుగుతుంది, దీనిలో అంచుల్లో ఉన్న చిన్న బల్బుల కాంతి తెర మీద పరుచుకుంటుంది. చీకట్లో అతి తక్కువలో పెట్టి, వెలుతురుకి కాస్త పసుపు రంగు కలిపితే చాలు.

ఇక పడుకుని చదవడం. మెడ వంగే స్టాండ్ ఒకటి మంచానికి బిగించాను. చేతులు ఖాళీ, కానీ పేజీ కోసం తట్టిన ప్రతిసారీ తెర తలాడిస్తుంది, అది ఆగేదాకా మొదటి వాక్యం చదవలేం. అందుకని రిమోట్. దాని క్లిప్ తెర అంచుకు తగిలించాలి. చేతిలో బటన్ నొక్కితే, తెరకు వేలు తగిలినట్టే అనిపించేలా చేస్తుంది. క్లిప్ కింద రెండు మూడు అక్షరాలు దాక్కుంటే మార్జిన్ పెంచాను. వింతేమిటంటే, రీడర్‌కుండే ఈ-ఇంక్ అనే రకం తెర పేజీ మారినప్పుడే కరెంటు తింటుంది కాబట్టి రీడర్ వారాల తరబడి నడుస్తుంది, దాన్ని తట్టడానికి కొన్న బుల్లి రిమోట్‌కీ క్లిప్‌కీ మాత్రం విడివిడిగా ఛార్జింగ్ పెట్టాలి.

నొప్పి పూర్తిగా తగ్గడానికి నెలన్నర పట్టింది. కవర్ ఇప్పుడు ప్రయాణాల్లో సంచీలో ఉన్నంతసేపే, చదివేటప్పుడు తీసేస్తాను. నిన్న రాత్రి రిమోట్ దుప్పట్లో ఎక్కడో జారిపోయింది. వెతకడానికి బద్ధకించి, లేచి వేలితోనే తట్టాను. తెర ఊగడం ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను.